ఉబ్బని గొట్టం

"ఫోన్ పక్కన పెన్సిలేదీ?"

వంటింటి గోడకు ఫోన్ ఉంది. దాని పక్కన మేకు ఉంది. మేకుకు కట్టిన దారం కూడా ఉంది. దారం కొసన ఉండాల్సిన పెన్సిలే లేదు. వెర్నా ఆ దారాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, చచ్చిన ఎలుకను తోకపట్టి చూపించినట్టు మొగుడికి చూపించింది.

"నేనే తీశా," అన్నాడు క్లేటన్, పళ్లెంలోంచి తలెత్తకుండా. "కంచె పలకల కొలతలు రాసుకోడానికి. షెడ్డులో ఉంది."

"దారం తెంపేశావా?"

"తెంపలేదు. కోశాను."

"కోశాడట! ఎంత మర్యాదో!"

"పెన్సిలే కదా వెర్నా. దాని మీద ఆస్తులేమన్నా రాసున్నాయా?"

"నీ షెడ్డులో మేకులున్నాయి, సుత్తులున్నాయి, పోయినేడాది నించి బాగుచెయ్యని నా కుర్చీ ఉంది. ఒక్క పెన్సిల్ లేదూ?"

వాళ్ల కూతురు జోలీన్ బ్రెడ్డుకు ఆపిల్ బటర్ పూసుకుంటూ, "నాన్నా, తప్పయిందని చెప్పెయ్యి. లేకపోతే ఇవాళ్టి కాఫీలో ఉప్పు పడుద్ది," అంది.

కిటికీ దగ్గర కూర్చుని చిక్కుళ్లు ఏరుతున్న అల్మీడా చేతులాపకుండానే అల్లుడితో అంది, "అది నా దగ్గర నేర్చుకున్న జబ్బు, క్లేటన్. తిట్టాలంటే నన్ను తిట్టు."

"మిమ్మల్ని తిట్టే ధైర్యం నాకెక్కడిది అత్తమ్మా," అంటూ అతను లేచి, పెన్సిల్ కోసం షెడ్డుకు వెళ్లాడు.

జబ్బే అది. వెర్నా పెరిగిన ఇంట్లో ఫోన్లు రెండు. ఒకటి ఇంటిది. రెండోది నల్లది, అంకెల చక్రం లేనిది, ఫైర్ కంపెనీది, అంటే మంటలార్పే ఊరి సంఘానిది. పగటిపూట ఊళ్లో మగవాళ్లంతా రాతి క్వారీలోనో, మేజోళ్ల మిల్లులోనో ఉంటారు కాబట్టి దాన్ని అల్మీడా వంటింట్లో బిగించారు. ఎవరి ఇల్లు అంటుకున్నా, ఎవరి గడ్డివాము రాజుకున్నా ఆ ఫోన్ మోగుతుంది. అల్మీడా ఎత్తాలి, చోటు రాసుకోవాలి, గోడమీది మీట నొక్కాలి. అప్పుడు స్టేషన్ కప్పు మీద సైరన్ కూస్తుంది. స్టేషన్‌కు ముందుగా పరుగెత్తుకొచ్చినవాడు అక్కడి ఫోన్ ఎత్తేదాకా ఆవిడ లైన్లోనే ఉండి, ఎక్కడికి వెళ్లాలో చెప్పాలి. 

వినడానికి చిన్న పని. చేసి చూస్తే తెలుస్తుంది. బట్టలు ఆరేస్తే ఫోన్ వినిపించేంత దూరంలోనే ఆరెయ్యాలి. స్నానానికి వెళ్లాలంటే పక్కింటావిడ వచ్చి కూర్చోవాలి. సొంత అక్క చనిపోతే అల్మీడా చర్చిదాకా వెళ్లి, శ్మశానానికి వెళ్లకుండా తిరిగొచ్చింది, ఫోన్ దగ్గర కూర్చున్న మనిషికి పాలు పితికే వేళయిందని. అలా పన్నెండేళ్లు. దానికి జీతం లేదు, సభ్యత్వం లేదు. కంపెనీ మీటింగులో కాఫీ పొయ్యడానికి తప్ప ఆడవాళ్లు అడుగుపెట్టిందీ లేదు. ఫోన్ పక్కన పెన్సిల్ ముట్టుకుంటే మాత్రం ఆ ఇంట్లో ఎవరికైనా వీపు పగిలేది.

క్లేటన్ పెన్సిల్‌తో పాటు ఒక అట్టపెట్టె కూడా మోసుకొచ్చాడు. "నిన్ననే ఇచ్చాడు హార్లన్. శనివారం విందుకి. పళ్లాల కింద పరిచే కాగితాలు. మీ ఆడవాళ్లకి అప్పజెప్పమన్నాడు," అంటూ బల్లమీద పెట్టాడు. పెట్టినవాడు కూర్చోలేదు. టోపీ తీసుకున్నాడు, మళ్లీ పెట్టాడు. వెర్నా అది గమనించింది. ఇరవై రెండేళ్ల కాపురంలో అతను టోపీతో ఏం చేస్తే ఏమర్థమో ఆమెకు తెలుసు.

పై కాగితం తీసింది. మధ్యలో కొత్త ఎర్ర ట్రక్కు బొమ్మ. చుట్టూ అంచుల్లో దాణా కొట్టు, మంగలి షాపు, శవపేటికలవాళ్ల ప్రకటనలు. బొమ్మ కింద పెద్దక్షరాల్లో: 'మన ఫైర్ కంపెనీ యాభై ఏళ్ల చరిత్ర, 1928–1978'. కూర్చినవారు: అధ్యక్షులు హార్లన్ షుల్ట్స్. ఆయన తండ్రి ఏల్వుడ్ షుల్ట్స్ స్థాపించాడనీ, ముప్పై ఏళ్లు చీఫ్‌గా ఉన్నాడనీ, కొత్త ట్రక్కుకు ఆయన పేరే పెడుతున్నారనీ సగం కాగితం ఉంది. అడుగున, 'రుచికరమైన వంటలతో తోడ్పడిన మహిళలకు కృతజ్ఞతలు' అని ఉంది. ఆ రెండింటి మధ్య ఒక్క వాక్యం:

'1949 ఆగస్టులో జరిగిన మేజోళ్ల మిల్లు ప్రమాదంలో, ఫోన్ కబురు అందడంలో జరిగిన జాప్యం కారణంగా, మన వీర సభ్యుడు ఇర్విన్ బోయర్ ప్రాణాలు కోల్పోయారు.'

వెర్నా ఆ వాక్యాన్ని రెండోసారి చదవలేదు. అవసరం లేకపోయింది.

"ఏం రాశారే అందులో?" అంది అల్మీడా. ఆవిడకు ఇప్పుడు సన్నక్షరాలు కనబడవు.

"ఏముందమ్మా. ట్రక్కు బొమ్మ."

"నాకొకటి ఉంచు. శనివారం పక్కనెవరైనా చదివి పెడతారులే."

వెర్నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఏప్రాన్ జేబులో దోపుకుంది. మొగుణ్ణి కళ్లతోనే వాకిట్లోకి పిలిచింది.

"మీటింగులో చదివాడా ఇది?"

"చదివాడు."

"నువ్వున్నావా?"

"ఉన్నాను."

"ఏమన్నావు?"

"ఏమంటాను వెర్నా? అందరూ ఉన్నారు. ఎవరూ ఏమనలేదు. పేరు రాయలేదుగా."

"ఆ ఫోన్ ఎవరింట్లో ఉండేదో ఈ ఊళ్లో కుక్కలకి కూడా తెలుసు. పేరెందుకు మళ్లీ? ఇంటి నంబరు కూడా వేస్తే సరిపోయేది!"

"ఏల్వుడ్ పోయి ఆరేళ్లయింది. పోయినవాడి మీద ఇప్పుడు..."

"మా అమ్మ పోలేదు! వంటింట్లో చిక్కుళ్లు ఏరుతోంది! బతికున్నదాని మీద ఎంతైనా రాయొచ్చా?" వెర్నా గొంతు తగ్గించింది. తగ్గించినకొద్దీ అది పదునెక్కింది. "ఆ రోజు వాల్వు తిప్పింది ఎవరు క్లేటన్?"

అతను తన బండెక్కి పనికి వెళ్లిపోయాడు.

వాల్వు తిప్పింది అతనే. పద్దెనిమిదేళ్లవాడు, మొదటిసారి ట్రక్కు వెనక నిలబడి వెళ్లిన రోజు. ఆ వేసవి వానల్లేవు. వాగు సన్నటి దారమయింది. ఆ ఉదయమే చీఫ్ ఏల్వుడ్ కంపెనీ ట్రక్కు తీసుకెళ్లి, తన బావమరిది ఆవుల తొట్టెకు ట్యాంకులో నీళ్లన్నీ పోసి వచ్చాడు. ఆవులు దాహంతో అరుస్తున్నాయని. అందులో తప్పులేదు, అందరూ చేసేదే. ట్రక్కు తిరిగొచ్చాక తలుపు మూయకముందే ట్యాంకు నింపాలన్నది మాత్రం ఏల్వుడే పెట్టిన నియమం. ఆ రోజు భోజనానికి పిలుపొచ్చింది. తర్వాత నింపుదామనుకున్నాడు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. పదేళ్ల వెర్నా బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తోంది. మొదటి మోత పూర్తికాకుండానే అమ్మ ఫోన్ ఎత్తడం, మీట నొక్కడం చూసింది. సైరన్ కూసేటప్పటికి ఆమె చేతిలోని కాయ ఇంకా సగం విప్పే ఉంది. ట్రక్కు మిల్లు దగ్గరికి సమయానికే వెళ్లింది. లోపల ఎవరో ఇరుక్కున్నారని కేకలు వినబడితే ఇర్విన్ బోయర్ గొట్టం భుజాన వేసుకుని మెట్లెక్కాడు. కింద క్లేటన్ వాల్వు తిప్పాడు. గొట్టం ఉబ్బలేదు. మళ్లీ తిప్పాడు. నేల మీద చొక్కా చేతిలా చదునుగా పడి ఉంది గొట్టం. పైన ఇర్విన్ నీళ్లొస్తాయని నిలబడ్డాడు. వాగు దాకా రెండో గొట్టం పరిచి నీళ్లు తోడేసరికి అతను నిలబడ్డ అంతస్తే లేదు.

ఇరుక్కున్నారనుకున్నవాళ్లు వెనక తలుపులోంచి అప్పటికే బయటికి వచ్చేశారు.

ఆ నెలలోనే నల్ల ఫోన్ అల్మీడా వంటింట్లోంచి తీసేశారు. 'విశ్రాంతి' ఇచ్చామన్నారు. ట్యాంకు సంగతి బయటపడితే జనం చందాలివ్వరు, కంపెనీ మూతబడుతుంది, రేపు ఇంకో ఇల్లు కాలితే ఎవరొస్తారని ఏల్వుడ్ అల్మీడా మొగుడి ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. మొగుడు తలూపాడు. అల్మీడా నోరు మూసుకుంది. ట్రక్కు మీదున్నవాళ్లకు తెలుసు, వాళ్ల భార్యలకు తెలుసు, భార్యల అక్కచెల్లెళ్లకు తెలుసు. అందరికీ తెలిసినదాన్ని అందరూ కలిసి తొక్కిపెట్టడానికి పెద్ద శ్రమేమీ పడలేదు.

ఇప్పుడు వెర్నా ఆ కాగితాల పెట్టె చంకన పెట్టుకుని తిన్నగా హార్లన్ ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్లింది. వాళ్లిద్దరూ ఒకే బడిలో చదివారు. అతను చేతిరాతకు బహుమతులు తెచ్చుకుంటే, ఆమె అతని వ్యాసాల్లో తప్పులు దిద్దేది.

"కూర్చో వెర్నా. కాగితాలు బావున్నాయి కదూ? రంగు అదిరింది."

"ఈ వాక్యం తీసెయ్యాలి."

హార్లన్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "అచ్చయిపోయిందిగా. అయినా నేనెవరి పేరూ రాయలేదు. జాప్యం అన్నాను. జాప్యం జాప్యమే."

"ఫోన్ జాప్యం అన్నావు. మా అమ్మ మొదటి మోతకే ఎత్తింది."

"నీకప్పుడు పదేళ్లు."

"నీకు పదకొండు. మీ మామయ్య తొట్టె నిండిందని ఆవుల పక్కన గంతులేసింది నువ్వే. మర్నాడు మా అందరికీ గొప్పగా చెప్పావు కూడా."

అతని మొహంలో రంగు మారింది. కానీ గొంతు మెత్తగానే ఉంది. ఆ మెత్తదనమే వెర్నాకు ఒళ్లు మండించింది. "చూడు, ఇది వేడుక. నాన్న పేరు మీద ట్రక్కు వస్తోంది. ఎప్పటిలాగే ఇర్విన్ పేరు చదువుతాం, ఆయన భార్య ఈడా లేచి గంట కొడుతుంది. ఆవిడ ముందు ఈ గొడవలు పెట్టుకుంటామా? పోనీ, మీ అమ్మగారికి ఒక పువ్వు ఏర్పాటు చేస్తాను. కోటుకు పెట్టుకునేది. ఆర్కిడ్. నా సొంత ఖర్చుతో."

"ఆ పువ్వు నువ్వే పెట్టుకో," అంది వెర్నా. "నీ కోటుకి బావుంటుంది."

స్టేషన్ వంటింట్లో ఆడవాళ్లు అప్పటికే శనివారం విందు పనిలో ఉన్నారు. పాట్‌పై అనే మాంసం పులుసు కోసం పిండి పరిచి పలకలుగా కోస్తున్నారు. ఉడికించిన గుడ్లు ఎర్రబడడానికి బీట్‌రూట్ నీళ్లలో ఊరుతున్నాయి. మూలన కిటికీ కింద ఈడా బోయర్ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఇర్విన్ భార్య. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆవిడ అల్మీడాతో మాట్లాడలేదు. చర్చిలో అల్మీడా ఎడమవైపు కూర్చుంటే ఈడా కుడివైపు. పెద్ద మనసు లేని మనిషి అనుకునేది వెర్నా. ట్యాంకు సంగతి తెలిసి కూడా మా అమ్మ మీద పగేమిటి అనుకునేది.

వెర్నా పెట్టె బల్ల మీద కుదేసి, చేతిలోని కాగితం అందరికీ వినబడేలా చదివింది. 

పిండి కోసే చాకు ఆగింది. స్టెల్లా అనే లావుపాటావిడ, "హార్లన్ కదా, వాడి నాన్నని పొగుడుకోక ఇంకేం చేస్తాడు," అంది.

"పొగుడుకోనీ స్టెల్లా. మా అమ్మ నెత్తి మీద నిలబడి పొగుడుకోవాలా?"

"మన మగాళ్లు చేతులెత్తి ఒప్పుకున్నారు. ఇప్పుడు మనం కాదంటే ఇంట్లో వారం రోజులు మూతి ముడుచుక్కూర్చుంటారు," అంది ఇంకొకామె.

"కూర్చోనీ! ముడుచుకున్న మూతికి అన్నం పెట్టే పని తగ్గుతుంది." ఎవరో నవ్వారు. వెర్నా నవ్వలేదు. "ఈ కాగితాలు పరిచేది మనం. వీటి మీద పళ్లాలు పెట్టేది మనం. మా అమ్మ తన పళ్లెం కిందున్నది చదివి పెట్టమని పక్కవాళ్లని అడుగుతుంది. మీలో ఎవరు చదువుతారు? నువ్వు చదువుతావా స్టెల్లా? ట్యాంకులో చుక్క నీళ్లు లేకుండా ట్రక్కు పంపినవాడికి పొగడ్తా, మొదటి మోతకే ఫోన్ ఎత్తినదానికి నిందా?"

"ఏ ట్యాంకు?"

ఆ మాట అన్నది ఈడా. మెల్లగానే అంది. చేతిలో దుంప అలాగే ఉంది, దాని తొక్క ఇంకా తెగకుండా వేలాడుతోంది.

స్టెల్లా పొయ్యి వైపు తిరిగి, మరిగే నీళ్ల మీద మూత పెట్టింది.

"ఏ ట్యాంకు వెర్నా?"

అప్పుడు వెర్నాకు అర్థమయింది. ఊరంతటికీ తెలిసిన సంగతి ఒక్క మనిషికి తెలియదు. అది ఎవరికి చెప్పాలో ఆ మనిషికే ఎవరూ చెప్పలేదు. విధవరాలి మనసు కష్టపెట్టడమెందుకని ప్రతివాళ్లూ జాలిపడ్డారు. జాలిపడి, పడి, ఆవిడ చేత ఇరవై తొమ్మిదేళ్లు తప్పుడు మనిషిని ద్వేషింపజేశారు.

"మిసెస్ బోయర్," అంది వెర్నా. "మీకు... మీకు ఏం చెప్పారు?"

"ఏల్వుడ్ మా వాకిట్లో నిలబడి చెప్పాడు. టోపీ చేత్తో పట్టుకుని. అల్మీడా బట్టలారేసుకుంటూ ఫోన్ వినలేదని. మేం వెళ్లేసరికే అంతస్తు కాలిపోయిందని."

వెర్నా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవుల తొట్టె, భోజనం పిలుపు, ఉబ్బని గొట్టం. తన మొగుడు తిప్పిన వాల్వు కూడా దాచలేదు.

ఈడా వింటూ వింటూ ఒకసారి గదంతా చూసింది. ఒక్కొక్క మొహం మీదా కళ్లు ఆపింది. "మీ అందరికీ తెలుసన్నమాట," అంది. స్టెల్లా ఏప్రాన్ అంచు నలుపుకుంటూ నేల చూసింది. "ఏడాదికోసారి నాచేత గంట కొట్టించారు. ఏల్వుడ్ పక్కన నన్ను నిలబెట్టి ఫొటోలు తీశారు. ఏల్వుడ్ చచ్చిపోతే నేను వంట చేసి పట్టుకెళ్లాను." చాకు బల్ల మీద పెట్టింది. కోటు తొడుక్కుంది. బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని, ఎవరి చేతికీ అందకుండా బయటికి నడిచింది.

వెర్నా వెనకాలే వెళ్లబోయి ఆగింది. ఆవిడ వెంట వెళ్లే హక్కు ఆ గదిలో ఎవరికీ లేదనిపించింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వంటింట్లో అల్మీడా పక్కన ఈడా కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా చిక్కుళ్ల గిన్నె. ఇద్దరూ ఏరుతున్నారు. ఏం మాట్లాడుకున్నారో, ఎవరు ముందు మాట్లాడారో వెర్నాకు తెలియదు. తర్వాత కూడా అడగలేదు. ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. "ఈవిడ కంటికి పురుగులు కనబడట్లేదు. ఇన్నాళ్లూ మీరు పురుగుల కూరే తిన్నారు," అంది ఈడా.

"అందుకే మా అల్లుడు అంత బలంగా ఉన్నాడు," అంది అల్మీడా.

క్లేటన్ గుమ్మంలోకి వచ్చి, ఈడాను చూసి, అక్కడే ఆగిపోయాడు. చేతిలో టోపీ.

"లోపలికి రా," అంది ఈడా. "టోపీ ఎక్కడన్నా పెట్టు. టోపీ పట్టుకుని మాట్లాడే మగవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట."

అతను టోపీ వదిలేశాడు. "నేను రెండుసార్లు తిప్పాను," అన్నాడు. "మిసెస్ బోయర్, నేను..."

"కూర్చో. పళ్లాలు పెడుతున్నారు."

జోలీన్ ఇంకో కుర్చీ తెచ్చింది. వెర్నా చిక్కుళ్ల కూర, హామ్, బ్రెడ్డు తెచ్చి పెట్టింది. క్లేటన్ ప్రార్థన చెప్పాడు, మామూలుకన్నా పొట్టిగా. గిన్నెలు చేతులు మారాయి. 

"ఆ కాగితాలు మేం పరచట్లేదు," అంది వెర్నా. "నేనొచ్చేముందు స్టెల్లా పెట్టెని తీసుకెళ్లి పొయ్యి పక్కన పెట్టింది. రేపు పొద్దున పొయ్యి రాజెయ్యడానికి అవే వాడుతుందట. హార్లన్ అడిగితే పిండి నీళ్లు ఒలికి పాడైపోయాయని చెప్పమంది. నేను అలా చెప్పను. ఎందుకు పరచలేదో చెప్తాను."

"చెప్పేది నేను," అన్నాడు క్లేటన్. పళ్లెం వైపే చూస్తున్నాడు. "వాల్వు దగ్గరున్నది నేను. మీటింగులో కూర్చుని నోరు మూసుకున్నదీ నేనే. నువ్వు చెప్తే పదేళ్ల పిల్లవి, నీకేం తెలుసంటారు. నన్ను ఆ మాట అనలేరు."

"అలా చెప్తే ట్రక్కు ఎక్కనివ్వరు నిన్ను, నాన్నా," అంది జోలీన్.

"ఎక్కనివ్వకపోతే దిగే ఉంటాను."

వెర్నా అతని వైపు చూసింది. క్షమించలేదు. అది అంత తొందరగా అయ్యే పని కాదు. కానీ హామ్ గిన్నె అతని వైపు జరిపింది.

ఈడా బ్రెడ్డు ముక్కతో పళ్లెం శుభ్రంగా తుడిచి నోట్లో పెట్టుకుంది. నమిలి మింగేదాకా అందరూ ఆగారు.

"శనివారం ఇర్విన్ పేరు చదివినప్పుడు గంట నేను కొట్టను," అంది. "గంట తాడు అల్మీడా పట్టుకుంటుంది. నేను పక్కన నిలబడతాను. ఆవిడెందుకని హార్లన్ అడిగితే చెప్తాను. అడక్కపోయినా చెప్తాను."